కడుపు లేని గిటార్

పాప మధ్యాహ్నం నిద్రపోయినప్పుడు నేను గిటార్ వాయిస్తాను. చప్పుడు పెంచే యాంప్‌కి తగిలించను. నాది సాలిడ్ బాడీ గిటార్. లోపల బోలుగా ఉండదు. పీటలాంటి దళసరి చెక్క, దాని మీద ఆరు తీగలు, అంతే. కరెంటు లేకుండా వాయిస్తే దాని చప్పుడు పక్కగదికి కూడా చేరదు. మంచానికి ఆనుకుని నేల మీద కూర్చుని, చెక్క అంచుకి గడ్డం ఆనించుకుంటాను. అప్పుడు నాకొక్కదానికే వినిపిస్తుంది, అదీ చెవిలో కంటే దవడ ఎముకలో.

మధ్యమధ్య ఆపి, పాప పొట్ట లేచి పడుతోందో లేదో చూస్తాను. డాక్టరమ్మ ఎన్నిసార్లు చెప్పినా ఆ అలవాటు పోలేదు. దుప్పటి కింద కదలిక కనపడకపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. వేలు తగిలి అది ఉలిక్కిపడి లేస్తుంది. ఇక ఆ రోజుకి వాయిద్యం అయిపోయినట్టే.

నేను వాయించేది జాజ్. చీరాలలో మా వీధిలో ఆ మాట అంటే ఎవరైనా ముందు నవ్వుతారు, తర్వాత అంటే ఏమిటని అడుగుతారు. నాకు చేతనైనట్టు చెబుతాను. తెలిసిన వరసని ముందు ఒకసారి ఉన్నదున్నట్టు వాయించాలి. ఆ తర్వాత దాన్ని వదిలేసి పక్కసందుల్లోకి వెళ్ళాలి. కింద తాళం, కార్డ్స్ అనే స్వరాల గుత్తులు మాత్రం తమ దారిన తాము నడుస్తూనే ఉంటాయి. ఎంత తిరిగినా అవి ఇంటికి చేరే వేళకి మనమూ చేరాలి.

"తెలిసిన పాటేగా, తిన్నగా వాయిస్తే ఏం పోయింది?" అంటాడు మా ఆయన.

"తిన్నగా వెళ్తే మీ ఆఫీసు కూడా పది నిమిషాలే. మరి రోజూ బజారంతా తిరిగి ఎందుకొస్తారు?"

"టీ కోసం."

"ఇదీ అంతే."

ఈ సంగీతానికి అసలు వాడే గిటార్ వేరు. ఆర్చ్‌టాప్ అంటారు. పొట్ట ఫిడేలులా కొంచెం ఉబ్బి, లోపలంతా బోలుగా, తీగలకి అటూ ఇటూ వంపు తిరిగిన రెండు సన్నటి కంతలతో ఉంటుంది. దాని మీద స్వరం పుట్టగానే గుండ్రంగా విచ్చుకుని, తొందరగా తనంతట తానే అణిగిపోతుంది. సాలిడ్ గిటార్ మీద అలా కాదు. స్వరం గీతలా సాగుతూనే ఉంటుంది. ఎక్కడో ఒకచోట నేనే వేలు ఎత్తి దాన్ని ఆపాలి. లావు తీగలు వేసి, టోన్ బాగా తగ్గించి, గిటార్ మెడ దగ్గర మెత్తగా మీటితే ఆ గుండ్రదనం కొంత వస్తుంది. కొంతే. మిగిలినది చాలా ఏళ్ళుగా నా చెవిలో మాత్రమే ఉంది. దానికి కారణం మా సార్ గిటార్.

గుంటూరులో డిగ్రీ చదివేటప్పుడు బ్రాడీపేటలో ఆయన ఇంటికి నేర్చుకోవడానికి వెళ్ళేదాన్ని. పగలు రైల్వేలో ఉద్యోగం, ఆదివారం చర్చిలో పాటలు పాడే కాయిర్‌తో వాయించడం, సాయంత్రాలు ముందుగదిలో నాలాంటివాళ్ళకి పాఠాలు. కుర్రతనంలో మద్రాసులో సినిమా రికార్డింగుల్లో వాయించారట. ఆ ఆర్చ్‌టాప్ అక్కడ ఒక పెద్దాయన దగ్గర కొన్నది. తేనె రంగులో ఉండేది. అంచుల దగ్గర రంగు పోయి, సార్ మోచేయి ఆనే చోట చెక్క తెల్లబడి కనిపించేది.

"స్వరాన్ని తరమకమ్మాయ్. అదేమన్నా కోడిపిల్లా? వదిలెయ్, పోయి పడుకుంటుంది," అనేవారు నా వేళ్ళు గాభరా పడినప్పుడల్లా. నా వేళ్ళు ఎప్పుడూ గాభరా పడుతూనే ఉండేవి. ఆ గిటార్ ఒళ్ళో ఉంటే మాత్రం కొంచెం నెమ్మదించేవి. దాని వీపు నా పొట్టకి ఆని ఉండేది. నేను మీటిన ప్రతి స్వరమూ ముందు నా ఊపిరిలో కదిలి, ఆ తర్వాత గదిలోకి వెళ్ళేది.

ఒక వేసవి సెలవులకి సార్ దాన్ని నాకిచ్చి పంపారు. కంటి ఆపరేషన్ చేయించుకుంటున్నారు, కొన్నాళ్ళు వంగి వాయించకూడదన్నారు. "తీగలు పలకకపోతే అది అలుగుతుంది. తీసుకెళ్ళి రోజూ కాసేపు వాయించు," అన్నారు. ప్రత్తిపాడు దగ్గర మా ఊరికి బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాను. కండక్టరు దానికి కూడా టిక్కెట్టు కొట్టమంటావా అని అడిగాడు.

అప్పుడు మా కల్లంలో మిరపకాయలు ఎండుతున్నాయి. ఇంటిల్లిపాదీ తుమ్ముతూనే తిరిగేవాళ్ళం. రెండు రోజులు అమ్మతోపాటు నేనూ కాయలు ఏరడానికి వెళ్ళాను. ఎన్నిసార్లు కడుక్కున్నా వేళ్ళ మంట తగ్గలేదు. ఆ చేతులతో సార్ గిటార్ ముట్టుకోవడం ఇష్టంలేక దాన్ని పట్టెమంచం మీద పడుకోబెట్టి ఉంచాను.

మూడోనాటి సాయంత్రం తీసి మీటితే గలగలమంది. ఎక్కడో మేకు ఊడిందనుకున్నాను. కంతలోంచి లోపలికి చూస్తే పచ్చగా, ఎర్రగా ఏదో కనిపించింది.

"నాయనమ్మా! దీంట్లో ఏం వేశావే?"

నాయనమ్మ వసారాలో తీరిగ్గా తమలపాకుకి సున్నం రాసుకుంటోంది. "ఏం వేస్తానే, వేపాకూ, నాలుగు ఎండు మిరపకాయలూ."

"ఎందుకు?"

"ఎందుకేమిటి, అంత బోలు పెట్టుకుని మూత కూడా లేదు దానికి. పురుగు పట్టదూ? కందిపప్పు డబ్బాలో వెయ్యనూ? పరాయి సొమ్ము, జాగర్తగా చూసుకోవద్దూ!"

నాకు ఏడుపొచ్చింది. నాన్నా నేనూ దాన్ని తలకిందులుగా పట్టుకుని ఊపాం. వేపాకు వచ్చింది. మిరపకాయలు వెళ్ళేటప్పుడు కంతలోంచి నిలువునా జారిపోయాయి కానీ, వచ్చేటప్పుడు అడ్డంపడి విరిగాయి. తొక్కలు పటకారుతో లాగాం. గింజలు లోపలే ఉండిపోయాయి. ఊపినప్పుడల్లా ఎక్కడో ఒక మూల నుంచి ఇంకో మూలకి పరుగెత్తేవి. నాన్న అయితే ఆ ఘాటుకి తుమ్ముతూ తుమ్ముతూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నాయనమ్మ మాత్రం, "చూశావా, ఒక్క పురుగన్నా రాలేదు," అంది.

సెలవులయ్యాక సార్‌కి ఎలా చెప్పాలో తెలియక గుమ్మంలోనే నిలబడిపోయాను. ఆయన నల్లకళ్ళద్దాలు పెట్టుకుని కూర్చునున్నారు. గిటార్ తీసుకుని లావు తీగ మీటారు. స్వరం చివర సన్నగా, ఈగ అద్దానికి కొట్టుకున్నట్టు ఏదో మోగింది. ఇంకోసారి మీటారు. చెవి దగ్గర పెట్టుకుని ఊపారు. తర్వాత కంత దగ్గర ముక్కు పెట్టి వాసన చూశారు. గట్టిగా తుమ్మారు.

నేను నాయనమ్మ సంగతి చెప్పేసరికి ఆయన నవ్వడం మొదలుపెట్టారు. వంటింట్లోంచి సార్ భార్య, మా ఆంటీ, పరిగెత్తుకొచ్చి, "కుట్లు, కుట్లు! కంట్లో కుట్లు ఊడతాయి, నవ్వమాకండి!" అని కేకలేశారు. ఆయన కన్ను చేత్తో పట్టుకుని మరీ నవ్వారు.

"ఇన్నాళ్ళకి ఇది గుంటూరుదయిందమ్మాయ్," అన్నారు.

ఆ గింజల్లో చాలావరకు తర్వాత రాలిపోయాయి. కొన్ని మాత్రం ఎక్కడో జిగురు దగ్గర ఇరుక్కుని ఉండిపోయాయి. ఆ లావు తీగ మీద ఒక్క స్వరం వాయించినప్పుడే అవి పలికేవి. సార్ ఆ స్వరం దగ్గరికి రాగానే మా వైపు చూసి కనుబొమ్మ ఎగరేసేవారు.

డిగ్రీ అయిపోయి నాకు చిన్న ఉద్యోగం వచ్చాక నా సొంత గిటార్ కొనుక్కున్నాను. ఆర్చ్‌టాప్ నాకు అందే వస్తువు కాదు. పైగా హాస్టల్ గదిలో దానికి చోటు లేదు. అందుకని ఇదీ, ఈ సాలిడ్ బాడీ. సార్‌కి చూపిస్తే అటూ ఇటూ తిప్పి, వేలి కణుపుతో తట్టారు. "చపాతీల పీటలా బాగుంది. దీనికి కడుపు లేదు కదమ్మాయ్," అన్నారు. అన్నారే కానీ, ఆ రోజు చీకటి పడేదాకా టోన్ ఎంత తగ్గించాలో, కుడిచేతిని ఎక్కడ ఆనించాలో, సాగిపోయే స్వరాన్ని ఎడమచేతి వేలు వదులు చేసి ఎలా ముగించాలో దాని మీదే చూపించారు. "బోలు గిటార్ అయితే స్వరాన్ని అదే నిద్రపుచ్చుతుంది. దీనికి నువ్వే జోకొట్టాలి," అన్నారు.

ఆ మాట అప్పట్లో పాఠంగానే విన్నాను. ఇప్పుడు రోజంతా నేను చేస్తున్న పని అదే.

పెళ్ళయి చీరాల వచ్చాను. నెలలు నిండేకొద్దీ గిటార్ ఒళ్ళో పట్టేది కాదు. పక్కకి జరిపి, దాని అంచు నా పొట్టకి ఆనేట్టు పెట్టుకుని వాయించేదాన్ని. లోపల పాప ఒక్కోసారి అక్కడికే వచ్చి కాలితో తన్నేది. ఫోన్లో సార్‌కి చెబితే, "తాళం సరిగ్గా ఉందా లేదా చూసుకో," అన్నారు. "పాపో బాబో పుట్టాక తీసుకురా. అసలు గిటార్ ఎలా ఉంటుందో వినిపిద్దాం."

పాప పుట్టి ఇంకా పురిటిమంచం మీదే ఉన్నప్పుడు సార్ పోయారు. గుండెపోటు. మా ఇంట్లో నాకు రెండురోజుల తర్వాత చెప్పారు. వెంటనే చెప్పినా వెళ్ళడానికి లేదు. బాలింత చావింటికి వెళ్ళకూడదు. అత్తయ్య తలుపు దగ్గర నిలబడి, "ఏడవమాకమ్మా, పాలు విరుగుతాయి," అంది. అందుకని ఏడవలేదు. పాలు తాగే పాప ముఖంలోకి చూస్తూ, ఆ గుండ్రటి స్వరాన్ని చెవిలో తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. వచ్చింది. గింజల మోతతో సహా వచ్చింది. అప్పటి నుంచి నాకు ఆ గిటార్ కావాలి. కావాలని ఎవరితోనూ అనలేదు. చనిపోయినవాళ్ళ వస్తువు మీద ఆశ పెట్టుకున్నానంటే బాగోదని లోపలే దాచుకున్నాను.

ఈ మాఘంలో ఆంటీ ఫోన్ చేశారు.

"కాయిర్ వాళ్ళు ఆ గిటార్ అడుగుతున్నారమ్మా. నేను లేదన్నాను. అది నీకివ్వమని ఆయన ఎన్నోసార్లు అన్నారు. వచ్చి తీసుకెళ్ళు. పాపను కూడా చూసినట్టుంటుంది."

ఫోన్ పెట్టేశాక మా ఆయనకి చెప్పాను. మా ఆయన అప్పటికప్పుడు డ్రిల్లింగ్ మెషీన్ అడిగి తెచ్చి, ఉయ్యాలకి దూరంగా, ఎండ తగలని గోడకి కొక్కెం బిగించాడు. ఆ వారమంతా ఖాళీ కొక్కేన్ని చూస్తూ పాపకి అన్నం తినిపించాను. గిటార్ అక్కడ వేలాడుతున్నట్టు, పాప పెద్దదై స్టూలెక్కి దాన్ని తీస్తున్నట్టు ఎన్నో ఊహించుకున్నాను.

"ఆ మిరప ఘాట్లోకి పసిదాన్నేసుకుని వెళ్తావా? మిర్చి యార్డుకి కాయలు దిగే రోజులు!" అంది అత్తయ్య.

"యార్డు దాకా వెళ్ళను కదత్తయ్యా."

"ఘాటు నిన్ను అడిగొస్తదా?"

అన్నదే గానీ తనే పాప టోపీ, మరగబెట్టిన నీళ్ళ ఫ్లాస్కూ సర్ది పెట్టింది. నేను థర్మామీటరు పెట్టుకున్నాను. అది పగిలితే ఎలాగని ఇంకొకటి పెట్టుకున్నాను. తెనాలిలో రైలు మారి గుంటూరులో దిగేదాకా పాప నుదురు ముట్టుకుంటూనే ఉన్నాను. దిగగానే అది రెండుసార్లు తుమ్మింది. వెనక్కి వెళ్ళిపోదామనుకున్నాను. ఆటోవాలా, "ఏం కాదమ్మా, ఇక్కడి గాలి పలకరిస్తోంది," అన్నాడు.

ముందుగది అలాగే ఉంది. సార్ కుర్చీ మీద ఇస్త్రీ బట్టలు. గోడకి గిటార్. ఆంటీ పాపను అందుకుని, బుగ్గలు నొక్కి, "అచ్చం నీలాగే కంగారు మొహం!" అన్నారు. గిటార్ పక్కనే కుర్చీలో పాత బొంత, నవారు తాడు సిద్ధంగా పెట్టి ఉన్నాయి, చుట్టి కట్టడానికి.

"ముందు వాయించు. చాలా రోజులయింది ఇంట్లో వినిపించి."

శ్రుతి చేసుకుని, సార్ నాకు మొదట నేర్పిన వరస వాయించాను. గది నిండింది. నేనేమీ ఆపనక్కర్లేకుండా ప్రతి స్వరమూ విచ్చుకుని, తనే తగ్గి, తర్వాతి దానికి చోటిచ్చింది. దాని వీపు నా పొట్టకి ఆని ఉంది. పాప నోట్లో వేలు తీసి, నోరు తెరిచి, నా ముఖం వైపు కాకుండా ఆ కంతల వైపు చూసింది. గిటార్ అంటే అమ్మ గడ్డం కింద గొణిగే చెక్క అని దానికి తెలుసు. ఇంత పెద్ద గొంతు ఎక్కడిదో అర్థం కాలేదు. కింది పెదవి వణికింది. ఏడుస్తుందనుకుని ఆపబోయాను. ఏడవలేదు. నేను లావు తీగ మీద ఆ స్వరం దగ్గరికి వచ్చి మీటాను. గింజలు పలికాయి. తలెత్తితే ఆంటీ కనుబొమ్మ ఎగరేసి ఉన్నారు.

భోజనం పెడతానని ఆంటీ వంటింట్లోకి వెళ్ళారు. నేను గిటార్ తిరిగి గోడకి తగిలించి, పాపకి పాలివ్వడానికి కూర్చున్నాను. కుక్కర్ విజిల్ వేసింది. ఆ విజిల్ ఆగాక, ఎవరూ ముట్టుకోకుండానే, గోడ మీద గిటార్ సన్నగా హుం అంది.

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. మోగి అణిగేదాకా అటునుంచి ఏ చప్పుడూ లేదు. తర్వాత ఆంటీ కొంగుతో చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చారు.

"విన్నావా? అంటుంది."

"బోలుగా ఉంటుంది కదండీ. గదిలో ఏ చప్పుడైనా తీగలు అందుకుంటాయి."

"ఆయన చెప్పేవారులే. ఆయన ఉండగా నేను పట్టించుకోలేదు. ఆయన పోయాక మొదటిసారి, కాళ్ళూ చేతులూ చల్లబడ్డాయి నాకు. ఇప్పుడు దగ్గినా అంటుంది, తుమ్మినా అంటుంది. తలుపు గట్టిగా వేస్తే కూడా అంటుంది." కొంచెం సిగ్గుపడుతూ నవ్వారు. "ఒక్కోరోజు మరీ తోచకపోతే కావాలనే గిన్నె పడేస్తాను."

నేను నవ్వాననుకుంటాను. పాప పాలు తాగడం ఆపి నన్ను చూసింది.

భోజనమయ్యాక ఆంటీ బొంత నేల మీద పరిచారు. గిటార్ దింపి దాని మీద పడుకోబెట్టారు. ఒక కొస మడిచారు, రెండో కొస మడిచారు. నవారు తాడు అందుకుని, ముడి వెయ్యకుండా అలాగే చేత్తో పట్టుకుని కూర్చున్నారు. "తీసుకెళ్ళమ్మా. ఆయన మాట," అన్నారు, బొంత వైపే చూస్తూ.

నాకు అది ఎంత కావాలో ఇక్కడ రాసినా చాలదు. చెయ్యి చాపితే నాది. న్యాయంగా నాది. మా గోడకి కొక్కెం కూడా ఉంది.

"ఆంటీ, మా పక్కింట్లో పవర్‌లూములు," అన్నాను. "పొద్దున మొదలుపెడితే రాత్రిదాకా ఆడతాయి. ఇది రోజంతా మోగుతూనే ఉంటుంది. పాప నిద్రపోదు."

అది అబద్ధం కాదు. మా ఇంట్లో అది నిజంగానే మోగుతుంది. ఆంటీ నా ముఖంలోకి చూశారు.

"పాప నిద్రపోదా?"

"అసలే నిద్ర తక్కువండీ దీనికి."

"అయితే కష్టమే," అన్నారు. తాడు పక్కన పెట్టారు. బొంత కొసలు విప్పి గిటార్ తీసి, కొంగుతో ఒకసారి తుడిచి, కాలి మునివేళ్ళ మీద లేచి గోడకి తగిలించారు. నేను సాయం చెయ్యబోతే వద్దన్నారు. మేకుకి తగిలించేటప్పుడు అది ఒకసారి హుం అంది. "సరేలే, ఊరుకో," అన్నారు దానితో.

తిరుగు రైల్లో పాప నా భుజం మీద నిద్రపోయింది. ఖాళీ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. స్టేషన్‌కి వచ్చిన మా ఆయన నా వెనక్కి చూశాడు.

"ఏదీ?"

"అక్కడే ఉంది."

పాపను నా భుజం మీద నుంచి అందుకున్నాడు. ఆ కొక్కేనికి ఇప్పుడు పాప టోపీలు వేలాడుతున్నాయి.

మధ్యాహ్నాలు మళ్ళీ ఈ చెక్క గిటారే. ఇది ఏ చప్పుడుకీ బదులు పలకదు. లూములు ఎంత కొట్టుకున్నా, కుక్కర్ ఎన్ని విజిళ్ళు వేసినా మెదలదు. నేను మీటితేనే పలుకుతుంది, నేను ఆపితేనే ఆగుతుంది. ఆ రోజు గుంటూరులో విన్న స్వరం ఎలా విచ్చుకుందో గుర్తుచేసుకుంటూ, వేలు ఎక్కడ వదులు చెయ్యాలో వెతుకుతున్నాను. ఒక్కోసారి దగ్గరగా వస్తుంది. వచ్చిందనుకునేలోపు ముందుకు సాగిపోతుంది.

పోయిన ఆదివారం లూములు ఆగి ఉన్నాయి. పాప మెలకువగా ఉంది. చాలా నెలల తర్వాత గిటార్‌ని యాంప్‌కి తగిలించి ఆంటీకి ఫోన్ చేశాను.

"ఆంటీ, ఫోన్ స్పీకర్‌లో పెట్టి దాని కింద పెట్టండి."

"దేని కింద?"

"గిటార్ కింద."

స్టూలు జరిపిన చప్పుడు. "పెట్టాను. వాయించు."

పాప నా మోకాలు పట్టుకుని నిలబడి, చెక్క అంచుకి బుగ్గ ఆనించింది. లావు తీగ మీద, అక్కడ గింజలు పలికే ఆ స్వరాన్ని మీటాను. సాగనిచ్చాను. నెమ్మదిగా వేలు వదులు చేశాను. అటునుంచి ఫాన్ తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

"అది హుం అందా ఆంటీ?"

స్టూలు ఇంకొంచెం దగ్గరికి జరిపిన చప్పుడు.

"లేదమ్మా," అన్నారు. "మళ్ళీ వాయించు."